ఆస్ట్రేలియాలో పురిటిల్లు

జూలో కొత్తగా కీపరు ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి మొన్న ధర్మవరంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. "జంతువులంటే నాకు ప్రాణం మేడమ్. ఈ పనికి అది చాలు కదా?" అని అడిగింది. చాలదన్నాను. పాపం, మొహం చిన్నబోయింది. ఉగ్గాని, బజ్జీ పెట్టి కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడాను. పోయేటప్పుడు, "ఇదంతా రాయండి మేడమ్, మాకు ట్రైనింగులో ఇవేవీ చెప్పలేదు" అంది. ట్రైనింగులో ఎలా చెబుతారు? చెప్పేవాళ్ళలో సగం మంది జంతువుని బొమ్మలో తప్ప చూసి ఉండరు.

అందుకని రాస్తున్నాను. నేను ఎప్పుడు ఏ పదవిలో ఉన్నాను, ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారు లాంటివి ఇందులో ఉండవు. అవి చదివితే నాకే నిద్ర వస్తుంది. పులి తప్పించుకున్న కథ కోసం ఎదురుచూసేవాళ్ళకీ నిరాశే. మా పులి చాలా మంచిది, తిండికి తప్ప దేనికీ లేచేది కాదు. నేను చెప్పబోయేది రెండు పక్షుల గురించి, వాటిని చూసుకున్న ఒక మనిషి గురించి. నా సర్వీసులో నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, ఆ పక్షుల దగ్గర నేర్చుకున్నది ఒక ఎత్తు.

ఖండాల మధ్య కాపురం

మా జూ పెనుకొండ దాటి హిందూపురం పోయే దారిలో, రాళ్ళ గుట్టల కింద ఉంటుంది. పెద్ద జూ. ప్రపంచాన్ని ఖండాలుగా పంచి కట్టారు. గేటు దాటగానే ఆసియా. ఎడమకు తిరిగితే ఆఫ్రికా. చింతచెట్ల వరుస దాటితే దక్షిణ అమెరికా. అన్నిటికీ చివర, నీళ్ళ ట్యాంకు వెనకాల ఆస్ట్రేలియా. చూడ్డానికి వచ్చేవాళ్ళకు ఇదంతా వింత గానీ, మాకు మాత్రం ఖండాలంటే వీధుల కింద లెక్క. "ఆఫ్రికాలో పైపు పగిలింది", "దక్షిణ అమెరికాకు రెండు చీపుర్లు పంపండి" అని రోజంతా ఫోన్లలో అరుచుకునేవాళ్ళం.

మా కీపర్లలో ఒకడికి పరిగి నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి ఆఫ్రికాలో పని చేస్తున్నాడని వాడి మేనమామ ఉన్నమాటే చెప్పాడు. అంత దూరం పిల్లనివ్వలేమని పెళ్ళికూతురి తండ్రి వెనక్కి తగ్గాడు. తర్వాత సంగతి తెలిసి, ఒక ఆదివారం టికెట్ కొనుక్కుని వచ్చి, ఆఫ్రికా మొత్తం తిరిగి చూసి, జిరాఫీ ముందు నిలబడి సంబంధం ఖాయం చేసుకుని పోయాడు. ఆ పెళ్ళిలో నేను ఓలిగలు తిన్నాను.

ఆఫ్రికా నడపడం అన్నిటికన్నా సులువు. జిరాఫీకి తుమ్మ కొమ్మలంటే ప్రాణం, మన సీమలో తుమ్మకు కొదవేముంది! ఎండలు కూడా దానికి పుట్టింటి ఎండలే. వర్షం పడితేనే అది కంగారు పడి షెడ్డులోకి దూరేది. అదృష్టవశాత్తూ మన దగ్గర దానికి ఆ కష్టం తరచుగా రాదు.

నేను ధర్మవరం మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. జువాలజీ చదివి, పొద్దున్నే రైలెక్కి పెనుకొండలో దిగి ఉద్యోగానికి పోతుంటే, మా వీధిలో ఆడవాళ్ళు "ఏమ్మే, కోతులకు అన్నం పెట్టేదానికి ఇంత చదువు చదివితివా?" అని ఆటపట్టించేవాళ్ళు. మా నాయన మాత్రం నవ్వేవాడు కాదు. "పోగు తెగితే చప్పుడు కాదు. చూసుకునేవాడికే తెలుస్తుంది" అని ఒక్క మాట అన్నాడు. మగ్గం గురించి చెప్పాడు గానీ, జంతువులకూ అదే వర్తిస్తుంది. జబ్బు చేసిన జంతువు మూలగదు, కుంటదు, వీలైనంత వరకు దాచుకుంటుంది. మీరు రోజూ చూస్తుంటేనే తేడా కనబడుతుంది.

రెండు పెద్ద కోళ్ళు

మా డైరెక్టరు గారు కోస్తా వైపు మనిషి. మంచివాడు. మంచివాడైన బాసుతోనే ఎక్కువ కష్టమని కొత్తవాళ్ళు తెలుసుకోవాలి. చెడ్డవాడితో పోట్లాడి మనశ్శాంతిగా ఇంటికి పోవచ్చు. మంచివాడు టీ తెప్పించి, పిల్లల చదువుల గురించి అడిగి, ఆఖర్న మన మాట కాదంటాడు.

ఆయనకు "త్వరలో" అనే మాట మీద మోజు. ఆస్ట్రేలియాకు కంగారూలు తెప్పిస్తామని గేటు దగ్గర "కంగారూ - త్వరలో" అని పెద్ద బోర్డు పెట్టించాడు. అనుమతులు రాలేదు, కంగారూ రాలేదు. రంగు వెలిసినప్పుడల్లా బోర్డుకి మాత్రం కొత్త రంగు వేయించేవాడు. ఆస్ట్రేలియా మొత్తానికి మిగిలింది రెండు ఈము పక్షులు. మనిషంత ఎత్తు, పొడుగు మెడ, రంగు పోయిన గోనెసంచి లాంటి ఈకలు. వాటిని చూసుకునేవాడు ఓబులేసు. బత్తలపల్లి దగ్గర రైతుల ఇంటి వాడు. ఎద్దుల్నీ గొర్రెల్నీ చూసి పెరిగినవాడు, చెయ్యి మంచిది, మాట మెత్తన. పక్షులకు రాజమ్మ, రంగప్ప అని పేర్లు పెట్టుకున్నాడు.

జనం మాత్రం ఆస్ట్రేలియాలో నిలిచేవాళ్ళు కాదు. అంత ఎండలో అంత దూరం నడిచి వచ్చి, కంచె పట్టుకుని చూసి, "ఇంతేనా?" అనేవాళ్ళు. హిందూపురం నుంచి వచ్చిన ఒకాయన ఒకసారి ఓబులేసుని నిలదీశాడు.

"ఏమప్పా, మా దుడ్లు తీసుకుని రెండు పెద్ద కోళ్ళు చూపిస్తాండారా?"

"కోళ్ళు కాదన్నా, ఈము పక్షులు. ఆస్ట్రేలియావి."

"కూర చేస్తే ఎట్లుంటాదో?"

ఓబులేసు ఆ రోజంతా బాధపడ్డాడు. రాజమ్మకు అర్థమై ఉంటుందేమోనని అతని దిగులు.

సాంబ్రాణి పొగ

ఒక చలికాలం, మా అమ్మాయి సుజాత మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. ఆడపిల్ల పుట్టింది. మా అల్లుడు శ్రీధర్ మగ్గం నేస్తాడు, మా వీధికి రెండు వీధుల అవతలే వాళ్ళ ఇల్లు. అయినా పురిటింటి దగ్గర మా అమ్మ చెప్పిందే శాసనం. ఎనభై దాటిన మనిషి, గుమ్మానికి వేపాకు కట్టించి, సాంబ్రాణి వేయించి, "పురిటి నీళ్ళు పోసేదాంక మగోళ్ళు ఎవరూ లోపలికి రాకూడదు" అంది. అల్లుడు ద్రాక్షపళ్ళు తెచ్చుకుని వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. మా అమ్మ బిడ్డను గడప దగ్గరికి తెచ్చి, ఒక్కసారి చూపించి, తలుపు వేసేది. శ్రీధర్ కాసేపు తలుపు వంక చూసి, మగ్గం దగ్గరికి వెళ్ళిపోయేవాడు. మా ఇంట్లో ఎప్పుడూ జరిగేది అదే కాబట్టి నాకూ వింతగా అనిపించలేదు.

సెలవు అయిపోయి జూకి వెళ్ళిన రోజు ఆస్ట్రేలియా వైపు నుంచి సాంబ్రాణి వాసన వచ్చింది. మా ఇంటి వాసనే చీరకు పట్టుకుని వచ్చిందేమో అనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే ఈముల షెడ్డు గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. మూలన మట్టి మూకుడులో నిప్పులు, వాటి మీద సాంబ్రాణి. ఓబులేసు ఎదురొచ్చాడు, మొహం వెలిగిపోతోంది.

"మేడమ్, మన రాజమ్మ గుడ్లు పెట్టింది! లోపల పండబెట్టినాము. మిరియాలు, వెల్లుల్లి వేసి సంగటి చేసి పెడితిమి. తినల్యా. అలవాటు లేదు కదా."

లోపల రాజమ్మ పడుకుని లేదు. ఆ గోడ నుంచి ఈ గోడకు పరుగులు పెడుతోంది. ముదురు ఆకుపచ్చ రంగు గుడ్లు గడ్డి మీద చెల్లాచెదురుగా ఉన్నాయి, ఒకటి పగిలింది. బయట రంగప్ప కంచె వెంబడి అటూ ఇటూ తిరుగుతున్నాడు. తిరిగి తిరిగి అక్కడ నేల మీద కాలిబాట పడింది.

"రంగప్ప బయట ఎందుకున్నాడప్పా?"

"వాడు దొంగనాయాలు మేడమ్. గుడ్లు పెట్టిన కాడికి పోయి, వాటి మీద ఎక్కి కూర్చోనుండె. పగలగొడతాడని బయటికి తరిమితిమి. పురిటింట్లో మగోనికేం పని?"

నేను అక్కడే నేల మీద చతికిలబడ్డాను. ఈముల్లో గుడ్లు పెట్టేవరకే ఆడదాని పని. పొదిగేది మగది. దాదాపు రెండు నెలలు, తిండీ నీళ్ళూ ఇంచుమించు మానేసి కూర్చుంటుంది. పిల్లలు పుట్టాక వాటిని వెంటేసుకుని తిరిగేదీ మగదే. ఈ సంగతి నేను కీపర్లందరికీ క్లాసులో చెప్పాను. ఓబులేసు ముందు వరుసలో కూర్చుని తల ఊపాడు కూడా.

"చెప్పినాను కదప్పా, మగదే పొదుగుతుందని!"

ఓబులేసు తల గోక్కున్నాడు. "చెప్తిరి మేడమ్. మీ నోరు జారిందేమో అనుకుంటి. నలుగురి ముందర తప్పు పట్టేది బాగుండదని ఊరుకుంటి."

తర్వాత విచారిస్తే, ఆ క్లాసులో ఉన్న కీపర్లంతా అదే అనుకున్నారట. నా మీద గౌరవంతోనే అందరూ ఊరుకున్నారు. కోపం రావాల్సింది గానీ, నాకు నవ్వు ఆగలేదు.

నవ్వు ఎక్కువసేపు మిగల్లేదు. రంగప్పను లోపలికి వదిలాం. అతను నేరుగా గుడ్ల దగ్గరికి పోయి, ముక్కుతో ఒక్కొక్కటే దొర్లించుకుని దగ్గరికి చేర్చుకుని, వాటి మీద కూర్చున్నాడు. అప్పటికే అవి చల్లబడిపోయాయి. ఆ సంగతి మాకు తెలుసు, అతనికి తెలియదు. పిల్లలు రావాల్సిన కాలం దాటిపోయినా లేవకుండా కూర్చుంటే, ఇంక చూడలేక మేమే గుడ్లు తీసేశాం. ఆ రోజు మధ్యాహ్నం ఓబులేసు అన్నం డబ్బా మూత తీయలేదు.

విజిల్

డైరెక్టరు గారు పిలిపించి, టీ తెప్పించి, మనవరాలి పేరు ఏం పెట్టారని అడిగాడు. నాకప్పుడే అర్థమైంది ఏదో ముంచుకొస్తోందని.

"ఆస్ట్రేలియాని ఎవరూ చూడడం లేదమ్మా. వచ్చే చలికాలం కూడా పిల్లలు రాకపోతే, ఆ పక్షుల్ని వేరే జూకి పంపించేద్దాం. ఆ స్థలంలో ఫౌంటెన్ పెట్టి, యూరప్ అని పేరు పెడదాం. ఫోటోలు దిగడానికి బాగుంటుంది."

"మరి ఓబులేసు?"

"పార్కింగ్‌లో మనిషి కావాలి."

ఆయన పరాచికాలు ఆడలేదు. పార్కింగ్ వాళ్ళు మెడలో వేసుకునే విజిల్ ఒకటి, అలవాటు చేసుకోమని ముందే ఓబులేసుకి పంపించాడు. ఓబులేసు దాన్ని మేత షెడ్డులో మేకుకి తగిలించాడు. ఎవరడిగినా, "దాన్ని చూస్తే నాకు బుద్ధి వస్తాది" అనేవాడు. ఎద్దుల్ని అదిలించడం తెలుసు గానీ కార్లను అదిలించడం అతనికి చేతకాదు. అంతకన్నా, రాజమ్మ రంగప్పలను లారీ ఎక్కించి పంపించడం అతనివల్ల అయ్యే పని కాదు.

మళ్ళీ చలి మొదలవగానే ఈసారి క్లాసు పెట్టలేదు. ఓబులేసునీ మిగతా కీపర్లనీ తీసుకుపోయి మేత షెడ్డులో, ఈములు కనబడేచోట కూర్చోబెట్టాను. "నేనేం చెప్పను. మీరే చూసి నాకు చెప్పండి" అన్నాను. కొత్తవాళ్ళకు ఏదైనా నేర్పేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి. మనం చెప్పింది వాళ్ళ ఇంట్లో పెద్దలు చెప్పినదానికి ఎదురైతే, గెలిచేది పెద్దల మాటే. కళ్ళతో చూసింది మాత్రం కొట్టిపారేయలేరు.

రాజమ్మ డోలు మోగినట్టు గొంతులోంచి చప్పుడు చేస్తూ తిరిగింది. కొన్ని రోజులకొకటి చొప్పున గుడ్లు పెట్టింది. పెట్టినప్పుడల్లా వెనక్కి తిరిగి చూడకుండా మేత వైపు పోయింది. రంగప్ప ఆకులూ పుల్లలూ పోగుచేసి గుడ్ల మీద కప్పాడు. చివరికి ఒకరోజు వాటి మీద కూర్చున్నాడు, ఇంక లేవలేదు.

ఓబులేసు నోరు తెరుచుకుని నా దగ్గరికి వచ్చాడు. "ఆయమ్మకు ఏం పట్టల్యా మేడమ్! పెట్టేసి పాయె. అంతా ఈయప్పే చూసుకుంటాండాడు!"

"అదే కదప్పా నేను చెప్పింది."

"మీరు ఇంత గట్టిగా చెప్పల్యా" అన్నాడు.

ఊరుకోవడమే పని

రోజులు గడిచేకొద్దీ రంగప్ప చిక్కిపోయాడు. మెడ సన్నబడింది. ఎండ ఎక్కినప్పుడు కూడా లేచేవాడు కాదు. లేచినా గుడ్లను తిప్పడానికే, మళ్ళీ కూర్చునేవాడు. ఓబులేసు లూసర్న్ గడ్డి చేతిలో పట్టుకుని కంచె దగ్గర తచ్చాడుతూ ఉండేవాడు.

"రోంత ముందర పెట్టి వచ్చేస్తా మేడమ్."

"వద్దు. నువ్వు పోతే లేచి నీ మీదికి వస్తాడు. గుడ్లు చల్లబడతాయి."

"చూస్తా చూస్తా ఊరికే ఉండేది ఎట్ల మేడమ్?"

"ఊరికే ఉండేదే ఇప్పుడు నీ పని."

నన్నడిగితే ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టం ఇదే. మందు వేయడం, కట్టు కట్టడం, బోను కడగడం ఎవరైనా నేర్చుకుంటారు. ప్రాణంగా చూసుకునే జంతువు దగ్గర చేతులు కట్టుకుని నిలబడడం రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ అమ్మాయికి ప్రేమ చాలదన్నది ఇందుకే.

అంతలో కొత్త గండం వచ్చింది. కొత్త సంవత్సరానికి జూలో పాటల కచేరీ పెట్టాలని డైరెక్టరు గారు నిశ్చయించాడు. స్టేజీకి ఆయన చూసిన ఖాళీ జాగా ఆస్ట్రేలియా ఎదుటే. మనిషంత ఎత్తు సౌండు పెట్టెలు. ఆ మోత మోగితే రంగప్ప లేస్తాడు, పరుగెత్తుతాడు, గుడ్లు కాళ్ళ కింద పడతాయి. నేను పోయి చెప్పాను. పుస్తకాలు చూపించాను. టీ వచ్చింది.

"ఒక్కరోజే కదమ్మా" అన్నాడాయన. "సౌండు వాళ్ళు ఆదివారం వచ్చి కొలతలు తీసుకుంటారు."

నేను తిరిగి వచ్చేసరికి ఓబులేసు ఆస్ట్రేలియాకు పోయే దారి మొదట్లో వేపమండలు కడుతున్నాడు.

"మళ్ళీ ఏందప్పా ఇది?"

"సాంబ్రాణి వేయను మేడమ్. లోపలికి పోను. కానీ పురిటిల్లు అని తెలియల్ల కదా జనాలకు? మనోళ్ళు వేపాకు చూస్తే గట్టిగా మాట్లాడరు."

నిజమే. నేను పుస్తకాలు పట్టుకుని తిరుగుతున్నాను గానీ, ఆ మాట నాకు తట్టలేదు. మొదటి ఏడు పాడుచేసిన ఆచారమే మళ్ళీ వచ్చింది, కాకపోతే ఈసారి సరైన మనిషిని లోపల పెట్టుకుని వచ్చింది. నాకు హుషారు పుట్టింది. "కంగారూ - త్వరలో" బోర్డు ఊడబీకించి, వెనక్కి తిప్పించి, పెయింటరుతో ఇలా రాయించాను: "ఇక్కడ బాలింత ఉన్నాడు. పేరు రంగప్ప. తిండి మానేసి గుడ్ల మీద కూర్చున్నాడు. దయచేసి మెల్లగా మాట్లాడండి."

జనం మొదట బోర్డు చదివి నవ్వేవాళ్ళు. "ఉన్నాడు అని రాసినారు చూడు" అని ఒకరికొకరు చూపించుకునేవాళ్ళు. తర్వాత వేపమండలు చూసి గొంతు తగ్గించేవాళ్ళు. మునివేళ్ళ మీద నడిచి కంచె దగ్గరికి పోయేవాళ్ళు. ఎవరూ నిలవని ఆస్ట్రేలియాలో జనం వరుస కట్టారు. ఆడవాళ్ళు రంగప్పను చూసి, పక్కనున్న మొగుడి వంక చూసి ముందుకు పోయేవాళ్ళు. మగవాళ్ళు తొందరగా ఆఫ్రికా వైపు నడిచేవాళ్ళు.

ఆదివారం

ఆ ఆదివారం మా వాళ్ళు కూడా వచ్చారు. సుజాత మళ్ళీ నెలలతో ఉంది. పెద్దపిల్లను శ్రీధర్ భుజాల మీద ఎక్కించుకున్నాడు. మా అమ్మ చేతికర్రతో వచ్చింది. నేను సంగతంతా చెబితే నమ్మలేదు.

"మగోడు పొదిగేదేంది? ఇదేం చోద్యమే పద్మా?"

"చూడమ్మా నువ్వే."

కంచె దగ్గర ఆమెకు కుర్చీ వేయించాను. మా అమ్మ కదలకుండా చూసింది. రంగప్ప మెల్లగా లేచి, గుడ్లను ముక్కుతో తిప్పి, సర్ది, మళ్ళీ కూర్చున్నాడు. "ఎండిపోయినాడే, పాపం" అంది. కాసేపటికి, "నీళ్ళు కూడా తాగడా?" అంది. ఇంకాసేపటికి, "ఆ తల్లి యాడికి పాయె?" అంది. రాజమ్మ ఆ చివర హాయిగా మేస్తోంది. మా అమ్మ దాని వంక చూసిన చూపు, ఏ కోడలి మీదా పడకూడదు.

సరిగ్గా అప్పుడే డైరెక్టరు గారు సౌండు వాళ్ళను వెంటబెట్టుకుని, చేతులు ఊపుతూ, పెద్ద గొంతుతో స్టేజీ ఇక్కడ, పెట్టెలు అక్కడ అని చెబుతూ వచ్చాడు. రంగప్ప మెడ నిటారుగా లేచింది. ఒళ్ళు సగం పైకి లేచింది. ఓబులేసు నా చెయ్యి పట్టుకున్నాడు.

మా అమ్మ కుర్చీలోంచి లేచి, చేతికర్ర అడ్డం పెట్టింది.

"ఏం సారూ, చదువుకున్నోళ్ళు, వేపాకు కనపల్యా? పురిటింటి కాడ ఆ అరుపులేంది?"

ఆయన ఎవరో ఆమెకు తెలియదు. తెలిసినా అంత తేడా ఉండేది కాదు. డైరెక్టరు గారు నోరు తెరిచాడు. ఈలోపు కంచె దగ్గరున్న ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు, అంతా వెనక్కి తిరిగి ఆయన వంక చూసి మూతి మీద వేలు పెట్టారు. ఆయన నోరు మూసుకున్నాడు. వేపమండలు చూశాడు, తన బోర్డు వెనకవైపు రాత చదివాడు, చింతచెట్ల దాకా ఉన్న జనాన్ని చూశాడు. ఆస్ట్రేలియాలో అంత జనాన్ని ఆయన ఎప్పుడూ చూడలేదు.

రంగప్ప మెడ మెల్లగా దిగింది. మళ్ళీ సర్దుకుని కూర్చున్నాడు.

డైరెక్టరు గారు నా దగ్గరికి వచ్చి, చెవిలో చెప్పినట్టుగా, "స్టేజీ పార్కింగ్ దగ్గర పెట్టిస్తాను" అన్నాడు. ఆ రోజు నుంచి ఆస్ట్రేలియా వైపు ఎప్పుడొచ్చినా ఆయన గొంతు అదే. మంచివాడని ముందే చెప్పాను కదా.

ఈల

ఒక పొద్దున నేను రైలు దిగేసరికి ఓబులేసు ఫోన్. "మేడమ్... లోపల... ఈల యేస్తాండాయి" అన్నాడు. ఈము పిల్లలు పెంకు లోపలి నుంచే సన్నగా ఈల వేస్తాయి.

నేను పోయేసరికి రంగప్ప రెక్క కింది నుంచి ఒక తల బయటికి వచ్చింది. ఒళ్ళంతా చారలు, మగ్గం మీద అంచు నేసినట్టు. తర్వాత ఇంకొకటి. తర్వాత నాలుగైదు ఒకేసారి. రంగప్ప లేచి నిలబడ్డాడు. కాళ్ళు వణుకుతున్నాయి. పిల్లల్ని వెనకేసుకుని, మెల్లగా నడిచి, తొట్టి దగ్గరికి పోయి మెడ వంచాడు. ఎంతసేపు తాగాడో! ఓబులేసు కంచె పట్టుకుని ఏడుస్తూ, "తాగప్పా, తాగు, నాయనా" అంటున్నాడు. నేనూ ఏడ్చాను. ఉద్యోగంలో ఏడవకూడదని ఎవరైనా మీకు చెబితే, వాళ్ళు ఇలాంటి పొద్దు చూడలేదని అర్థం.

డైరెక్టరు గారు వచ్చి చాలాసేపు నిలబడ్డాడు. యూరప్ మాట ఎత్తలేదు. వెళ్ళబోతూ మెల్లగా, "ఓబులేసూ, ఆ విజిల్ ఏదయ్యా? వెనక్కి ఇచ్చెయ్" అన్నాడు.

"తీసుకోండి సార్. ఈల యేసేటోళ్ళు ఈడ శానామంది పుట్టినారు" అన్నాడు ఓబులేసు.

అరుగు

ఎండలు ముదిరాక సుజాతకు రెండో కాన్పు అయింది. మా ఇంటి గుమ్మానికి వేపాకు కట్టారు, సాంబ్రాణి వేశారు, అంతా మామూలే. కబురు అందగానే శ్రీధర్ మగ్గం దిగి వచ్చాడు. చేతిలో ద్రాక్షపళ్ళ సంచి. లోపలికి తొంగిచూడను కూడా చూడకుండా, అలవాటు ప్రకారం అరుగు మీద తన చోట కూర్చున్నాడు.

మా అమ్మ బిడ్డను ఎత్తుకుని గడప దాకా వచ్చింది. ఒక్కసారి చూపించి తలుపు వేస్తుందని అతను మెడ చాచాడు. మా అమ్మ తలుపు వేయలేదు. అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఏమప్పా, ఆడ కూర్చోనుండావేంది? నీ బిడ్డ ఈడ ఉంటే? ఆ పక్షికి ఉన్నపాటి తెలివి నీకు లేదా?"

శ్రీధర్ నా వంక చూశాడు. నేను అతని చేతిలోని సంచి అందుకున్నాను. అతను కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. మా అమ్మ బిడ్డను అతని చేతుల్లో పెట్టి, "కదలకుండా కూర్చో" అంది.